వదులు

కృష్ణపట్నం రేవులో రాత్రి షిఫ్టు నాది.
నలభై ఒక్క చల్లపెట్టెలు, ఒక్కోదానికి ఒక ప్లగ్గు.
గంటకోసారి టార్చి వేసి
మైనస్ పద్దెనిమిది ఉందా లేదా అని చూడాలి.
లోపల రొయ్య నిద్రపోవచ్చు.
నేను పోకూడదు.

మొదట ఎక్కడో ఒక రేవులో క్రేను కూలిందన్నారు.
ఆ ఊరి పేరు మాలో ఎవరికీ నోరు తిరగలేదు.
అక్కడ చిక్కుకున్న పెద్ద ఓడ కొలంబో చేరలేదు.
అది చేరక మా చిన్న ఓడకి సరుకందలేదు.
సరుకు లేని చిన్న ఓడ మమ్మల్ని దాటేసి
చెన్నై బయట లంగరేసి
రేషన్ షాపు ముందు సంచిలా వరుసలో కూర్చుంది.
అంతలో వాయుగుండం.
మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు.

నోరు తిరగని ఆ ఊరు
నాలుగో రోజుకి ముత్తుకూరు రోడ్డెక్కింది.
జిలానీ లారీ కింద తువ్వాలు పరుచుకున్నాడు.
ఇందుకూరుపేటలో ఈదూరు రఘునాథం
పట్టుబడికొచ్చిన గుంటని పట్టలేక
మేత తగ్గించి, డీజిల్‌కి అప్పు పెంచాడు.
ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు ఊరికే చెమటలు కార్చాయి.
షెడ్డులో రొయ్య వొలిచే ఆవుల మస్తానమ్మ
తన పది వేళ్ళూ నాకు చూపించింది:
"వారం నుంచి తడి తగల్లా.
పుండూ మానింది అబ్బయా, పొయ్యీ మానింది."

పైవాళ్ళొచ్చి తెర మీద చుక్కలు చూపించారు,
చుక్కకీ చుక్కకీ మధ్య గీతలు.
ఒక చుక్క చెరిపినా మిగతావి నిలబడతాయట.
మస్తానమ్మ ఏ చుక్కో అడగబోయి
టీ తాగేసి వచ్చేశాను.

ఆ సాయంత్రం జెట్టీ మీద
బొగ్గు ఓడ తాళ్ళ దగ్గర పామంజి పోలేరయ్య.
అల లేచినప్పుడల్లా ఓడ గింజుకుంటోంది.
బిగించమని పైనుంచి కేకలు.
ఆయన వినిపించుకోలా.
"బిగిస్తే తెగుద్ది. వదిలేస్తే పోద్ది.
కొంచెం ఇయ్యాల, కొంచెం లాగాల,
తెల్లారిందాకా అదే పని.
మా తాత ఉప్పు పడవోడు.
సముద్రం కసిరితే బకింగ్‌హాం కాలవలోకి తిరిగేవోడు.
కాలవ ఎండితే బండి కట్టేవోడు.
ఇప్పుడు కాలవలో తుమ్మ మొలిచుండాది.
ఆ రెండో దోవకి కూలెవుడిస్తాడబ్బా?"

నాకు గుర్తొచ్చింది.
పోయినేడు మా ఆఫీసు
ఖాళీగా పడున్న రెండో జనరేటరుని
'వృథా' అని రాసి అమ్మేసింది.
రాసింది నేనే. చేతిరాత బాగుంటుందని.

ఆ రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
ఉన్న ఒక్క జనరేటరూ అరగంట దగ్గి ఆగింది.
నలభై ఒక్క పెట్టెలు ఒక్కసారిగా మౌనం.
అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

వానలో రోడ్డు దాకా పరిగెత్తాను.
జిలానీ ఒక్క మాటా అడగలా, పక్క లారీని తట్టాడు.
ఏడు లారీలు, ఏడు చిన్న జనరేటర్లు.
రఘునాథం గుంట కోసం దాచుకున్న డీజిల్లో
నాలుగు పీపాలు బండికెత్తించాడు,
లెక్క తర్వాత చూద్దామని.
కాలవ నీటికి వంతులేసుకున్నట్టు
చలికి వంతులేశాం.
ఏడింటికి గంట, ఆపి, ఇంకో ఏడింటికి గంట.
మైనస్ పద్దెనిమిది పద్నాలుగవుతుంది,
మళ్ళీ లాక్కొస్తాం.
కొంచెం ఇచ్చి, కొంచెం లాగి.
తెల్లారేసరికి నా అరచేతుల్లో ప్లగ్గుల అచ్చులు.

మూడు పెట్టెలు పోయాయి.
రిపోర్టులో 'నష్టం' అన్న గడి ఉంది, మూడు అని రాశాను.
జిలానీని రాయడానికి గడి లేదు.
మార్జిన్లో రాశాను,
పెన్సిలుతో.

పదకొండో నాడు, ఏ పట్టికలోనూ లేని వేళకి
చిన్న ఓడ వచ్చింది.
పోలేరయ్య తాడందుకుని గుంజకేసి
కొంచెం వదిలాడు.

ఆ మర్నాడు షెడ్డు ముందు మస్తానమ్మ కనపడింది.
వేళ్ళు అప్పుడే తెల్లగా నానిపోయి ఉన్నాయి.
"మళ్ళా పగుల్తాయి" అంది,
నవ్వుతూనే.